ఇంటి ధర కింద స్కూలు మార్కు: ప్రకటనల సంస్థలకు బహిరంగ లేఖ

ఇళ్ళ అమ్మకాల ప్రకటనలు ప్రచురించే సంస్థల నిర్వాహకులకు నమస్కారం.

మీ ప్రకటన తెరిస్తే ఇంటి ధర, విస్తీర్ణం, పడకగదులు, ఎప్పుడు కట్టారన్నది అన్నీ వరసగా ఉంటాయి. ఇంకాస్త కిందికి వెళ్తే దగ్గరి స్కూలు పేరు, దాని పక్కన పదికి ఇంత అని ఒక అంకె కనిపిస్తుంది. ఎక్కువైతే ఆకుపచ్చ, తక్కువైతే ఎరుపో నారింజో. విస్తీర్ణం తప్పుగా వేస్తే కొన్నవాళ్ళు మీ మీద విరుచుకుపడతారు, కేసులు కూడా వేస్తారు. స్కూలు అంకె దగ్గరికి వచ్చేసరికి అది ఎక్కడిది, ఏం కొలిచింది, ఏ సంవత్సరానిది అని అడిగేవాళ్ళు దాదాపు ఉండరు. చూసి సంతోషపడో, ఉసూరుమనో తర్వాతి ఇంటికి వెళ్ళిపోతారు. పిల్లల చదువు కోసం ఇల్లు వెతుకుతున్నవాళ్ళలో ఒకడిగా ఆ ప్రశ్న నేను అడుగుతున్నాను.

స్కూలు చూసి ఇల్లు కొనడం తప్పని నేననడం లేదు. చిరునామాను బట్టి సీటు ఇచ్చే ప్రతి చోటా తల్లిదండ్రులు అదే చేస్తారు. చార్లెస్ టీబౌట్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1956లోనే దీని వెనక ఉన్న లాజిక్ రాశారు. ఒక్కో ఊరు ఒక్కో తీరున పన్నులు వేసి, ఒక్కో తీరున సేవలు అందిస్తుంటే, జనం తమకు నప్పిన ఊరికి మారిపోతారని ఆయన వాదన. 1969లో వాలెస్ ఓట్స్ న్యూజెర్సీలోని 53 పట్టణాల లెక్కలు తీసి, పన్నులు, స్కూళ్ళ మీద పెట్టే ఖర్చు ఇళ్ళ ధరల్లోకి ఎక్కుతున్నాయని చూపించారు. స్కూలుకూ ఇంటి ధరకూ సంబంధం ఉందా అన్నది అప్పటికే తేలిపోయింది. ఆ తర్వాత పరిశోధకులు వాదించుకున్నది ఎంత అన్న దాని గురించే.

ఆ 'ఎంత' తేల్చడం తేలిక కాదు. మంచి స్కూలున్న పేటలో రోడ్లు బాగుంటాయి, చెట్లుంటాయి, ఇళ్ళు పెద్దవిగా ఉంటాయి, చుట్టుపక్కల వాళ్ళ సంపాదనలూ ఎక్కువే. అక్కడ ఇల్లు ఖరీదైతే అందులో స్కూలు వాటా ఎంత, చెట్ల వాటా ఎంత? 1999లో శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త దీనికి ఒక మంచి దారి చూపించారు. బోస్టన్ శివార్లలో ఒకే పట్టణంలో రెండు ప్రాథమిక పాఠశాలల పరిధులు కలిసే గీత దగ్గరికి వెళ్ళి, ఆ గీతకు ఇటూ అటూ ఆనుకుని ఉన్న ఇళ్ళను మాత్రమే పోల్చారు. పార్కు అదే, పన్ను అదే, బజారు అదే. పిల్లలు వెళ్ళే బడి ఒక్కటే వేరు. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువున్న బడి వైపు ఇంటికి తల్లిదండ్రులు 2.5 శాతం ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారని తేలింది. గీతతో పని లేకుండా మామూలు పద్ధతిలో లెక్క వేస్తే ఇందుకు దాదాపు రెట్టింపు వస్తుంది. అంటే అక్కడ స్కూలు విలువ అని పైపైన కనిపించిన దానిలో సగం దాకా నిజానికి పేట విలువ.

తర్వాత ఈ గీత పద్ధతిని చాలామంది వాడారు. పారిస్‌లో గాబ్రియెల్ ఫాక్, జూలియెన్ గ్రెనె చేసిన పరిశోధనలో, ప్రభుత్వ మాధ్యమిక పాఠశాల ఫలితాలు ఒక స్టాండర్డ్ డీవియేషన్ (స్కూళ్ళ ఫలితాలు సగటు నుంచి మామూలుగా ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత) మెరుగైతే ఇంటి ధర 1.4 నుంచి 2.4 శాతం పెరిగింది. దగ్గర్లో ప్రైవేటు స్కూళ్ళు ఎక్కువగా ఉన్న చోట ఆ తేడా తగ్గిపోయింది. ఇది నాకు ముఖ్యంగా తోస్తుంది. చిరునామాతో పని లేకుండా సీటు దొరికే దారి ఒకటి ఉంటే, చిరునామాకు ఆ మేరకు గిరాకీ తగ్గుతుంది. ఇలాంటి పరిశోధనలన్నిటినీ 2011లో సమీక్షించిన నుయెన్ హోయాంగ్, యింగర్ ఒక స్టాండర్డ్ డీవియేషన్‌కు పెరుగుదల 4 శాతం లోపే అన్నారు.

నాలుగు శాతం వినడానికి చిన్నదే. కానీ చాలా కుటుంబాలు జీవితంలో కొనే అతి పెద్ద వస్తువు ఇల్లే, అదీ ఏళ్ళ తరబడి అప్పు కడుతూ. పైగా ఇల్లు కొనేవాడికి పరిశోధకుడికి దొరికే వెసులుబాటు దొరకదు. చెట్ల వాటా తీసేసి స్కూలు వాటా మాత్రం కడతానంటే ఎవరూ అమ్మరు. 2012లో బ్రూకింగ్స్ అనే అమెరికన్ పరిశోధన సంస్థకు చెందిన జొనాథన్ రాత్‌వెల్ అమెరికాలోని 100 పెద్ద నగర ప్రాంతాలను చూసి, మార్కులు బాగా వచ్చే ప్రభుత్వ స్కూలు దగ్గర నివాసం ఖర్చు, తక్కువ మార్కుల స్కూలు దగ్గరి ఖర్చుకు సగటున 2.4 రెట్లు ఉందని లెక్క తేల్చారు. పెద్ద స్థలాల్లో పెద్ద ఇళ్ళే కట్టాలి, చిన్న ఫ్లాట్లు కట్టకూడదు అనే నిబంధనలకు ఇందులో పెద్ద పాత్ర ఉందని కూడా ఆయన రాశారు. గీత మీద కనిపించేది రెండు మూడు శాతం. గీతకు దూరంగా, మొత్తం పేటను పేటతో పోలిస్తే రెండు రెట్ల పైన. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబానికి గోడలా నిలబడేది ఈ రెండోది.

ఇంతవరకూ మీ తప్పేమీ లేదు. మీరు పుట్టకముందు నుంచీ ఇదంతా ఉంది. ఇక మీ అంకె దగ్గరికి వస్తాను.

స్కూలు మార్కుల సగటులో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి. పిల్లలు బడిలో అడుగు పెట్టేటప్పటికే ఇంటి నుంచి తెచ్చుకున్నది ఒకటి, బడి వాళ్ళకు నేర్పింది రెండోది. పుస్తకాలున్న ఇల్లు, కూర్చోబెట్టి చదివించే తీరిక ఉన్న అమ్మానాన్నలు, ట్యూషన్, కడుపునిండా తిండి, మాటిమాటికీ ఇల్లు మారనక్కర్లేని స్థిరత్వం, ఇవన్నీ మొదటిదానిలోకి వస్తాయి. వెనకబడ్డ పిల్లలను తీసుకుని ఏడాదికి ఏడాదిన్నర చదువు నేర్పే బడికి సగటు మార్కులు మధ్యరకంగా ఉండొచ్చు. ముందే బాగా వచ్చిన పిల్లలను తీసుకుని ఉన్నచోటే ఉంచే బడికి సగటు మార్కులు మెరిసిపోవచ్చు. మీ ఆకుపచ్చ రంగు రెండోదానికే దక్కుతుంది. మా అబ్బాయి ఏ బడిలో ఎక్కువ నేర్చుకుంటాడన్నది నా ప్రశ్న. మీరిస్తున్న జవాబు ఆ పేటలో ఎలాంటి సంపాదన ఉన్నవాళ్ళుంటారన్నదానికి దగ్గరగా ఉంది.

దీనికి ఒక వింత సాక్ష్యం లాస్ ఏంజెలెస్ నుంచి ఉంది. అక్కడి ప్రధాన దినపత్రిక 2010లో ప్రభుత్వ స్కూళ్ళకూ టీచర్లకూ కొత్త రకం రేటింగులు ప్రచురించింది. పిల్లల పాత మార్కులను బట్టి ఇప్పుడు ఎంత రావాలో అంచనా కట్టి, దానికంటే ఎంత ఎక్కువ తెచ్చారో, ఎంత తగ్గారో చూసి ఇచ్చిన రేటింగులవి. అంటే స్కూలు చేసిన పని ఎంతో విడదీసి చెప్పే ప్రయత్నం. ఆ తర్వాత ఇళ్ళ ధరలు ఏమయ్యాయో స్కాట్ ఇంబర్‌మన్, మైకేల్ లవెన్‌హైమ్ పరిశీలించారు. ఏమీ కాలేదు. బాగా నేర్పే బడి అని పేపర్లో వచ్చినా ఆ పరిధిలో ఇంటి ధర కదల్లేదు.

దీన్ని చూసి, తల్లిదండ్రులకు చదువు అక్కర్లేదు, తోటి పిల్లలు ఎవరన్నదే కావాలి అని తీర్పు చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఇంకో రకంగా జరిగింది. స్టీఫెన్ గిబ్బన్స్, స్టీఫెన్ మెషిన్, ఓల్మో సిల్వా గీత పద్ధతిలోనే అక్కడి ప్రాథమిక పాఠశాలలను చూస్తే, పిల్లలు ముందే తెచ్చుకున్న స్థాయికీ ధర పెరిగింది, స్కూలు నేర్పినదానికీ ధర పెరిగింది. ఒక స్టాండర్డ్ డీవియేషన్‌కు రెండిటికీ చెరొక 3 శాతం దాకా. తేడా ఎక్కడుంది? ఇంగ్లండ్‌లో ప్రభుత్వమే ఏటా స్కూళ్ళ పట్టికలు విడుదల చేస్తుంది, అందులో పిల్లల ప్రగతి లెక్క కూడా చేర్చింది. జనానికి అది అలవాటైన సమాచారం. లాస్ ఏంజెలెస్‌లో ఒక పత్రిక ఉన్నట్టుండి ప్రచురించింది, దాని మీద పెద్ద గొడవ జరిగింది, టీచర్ల సంఘం మండిపడింది. ఏటా, ఒకే చోట, అర్థమయ్యే భాషలో చూపిస్తే తల్లిదండ్రులు ప్రగతిని పట్టించుకుంటారని నా అభిప్రాయం. ఇల్లు వెతికేవాళ్ళకు ఆ 'ఒకే చోట' మీ పేజీయే.

"మేం సమాచారం ఇస్తున్నాం, అంతే. ధరలు మేం పెంచడం లేదు" అని మీరు అనొచ్చు. ఫ్లోరిడా అనుభవం చూడండి. ఆ రాష్ట్ర ప్రభుత్వం 1999 నుంచి ప్రతి స్కూలుకూ ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ గ్రేడు వెనకున్న పరీక్ష మార్కులు అప్పటికే జనానికి అందుబాటులో ఉన్నాయి. అయినా డేవిడ్ ఫిగ్లియో, మారిస్ లూకాస్ చూసేసరికి, మార్కుల తేడాను లెక్కలోంచి తీసేశాక కూడా, గ్రేడు ఒక్కటే ఇంటి ధరలను కదిలించింది. మార్కుల్లో దాదాపు సమానంగా ఉన్న రెండు స్కూళ్ళ మధ్య ఎ, బి అనే అక్షరాలు కొత్త దూరం పెట్టాయి. ఏళ్ళు గడిచే కొద్దీ గ్రేడ్లు అటూ ఇటూ గెంతడం చూసి కొనేవాళ్ళు వాటిని అంతగా పట్టించుకోవడం మానేశారు, ప్రభావం తగ్గింది. కానీ మొదటి ఏళ్ళలో ఆ అక్షరం చూసి ఎక్కువ పెట్టి కొన్నవాళ్ళకు తేడా ఎవరిచ్చారు?

గెంతడం గురించి ఇంకో మాట. థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ 2002లో రాసిన వ్యాసంలో చిన్న స్కూళ్ళ ఇబ్బంది వివరంగా ఉంది. ఒక తరగతిలో యాభై అరవై మందే ఉంటే, ఆ ఏడు నలుగురు చురుకైన పిల్లలు ఎక్కువగా చేరినా, పరీక్ష రోజు కొందరికి జ్వరం వచ్చినా సగటు మారిపోతుంది. అందుకే ఏటా పైవరసలోనూ అట్టడుగు వరసలోనూ చిన్న స్కూళ్ళే ఎక్కువగా కనిపిస్తాయి. ఆరుకూ ఏడుకూ మధ్య మీరు చూపించే తేడాలో ఎంత స్కూలు పనితనమో, ఎంత ఆ ఏటి అదృష్టమో మీ పేజీలో ఎక్కడా తెలియదు. ఎన్నికల సర్వే వేసేవాళ్ళు కూడా రెండు మూడు శాతం అటూ ఇటూ ఉండొచ్చని కింద రాస్తారు.

న్యాయంగా చెప్పాల్సింది ఒకటుంది. అమెరికాలో జిల్లో, రెడ్‌ఫిన్ లాంటి సైట్లు చూపించే 1 నుంచి 10 రేటింగు గ్రేట్‌స్కూల్స్ అనే లాభాపేక్ష లేని సంస్థది. ఆ సంస్థ 2017లోనూ 2020లోనూ తన లెక్క మార్చి, పిల్లల ప్రగతికి చోటు పెంచింది. మంచి పనే. అయితే దాని అర్థం కూడా ఆలోచించండి. లెక్క మారినప్పుడు కొన్ని స్కూళ్ళ అంకె పెరిగింది, కొన్నిటిది తగ్గింది. టీచర్లు వాళ్ళే, పిల్లలు వాళ్ళే, బెంచీలు కూడా అవే. ఆ అంకె చూసి ముందు ఏడాది కొన్నవాళ్ళకు ఈ సంగతి చెప్పిందెవరు? షరీక్ హసన్, అనుజ్ కుమార్ చేసిన పరిశోధన ప్రకారం, ఈ ఆన్‌లైన్ రేటింగులు 2006 నుంచి 2015 మధ్య ఒక్కో ప్రాంతానికి విస్తరించే కొద్దీ ఇళ్ళ ధరల్లో, ఆదాయాల్లో పేటల మధ్య దూరం ఇంకా పెరిగింది. సమాచారం అందరికీ ఉచితంగానే అందింది. దాన్ని పట్టుకుని ఇల్లు మారే స్తోమత ఉన్నవాళ్ళు ముందు మారారు.

చట్టం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. అమెరికాలో 1968 నాటి గృహ హక్కుల చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్ళను ఒక పేట వైపు నెట్టడం చట్టవిరుద్ధం. అందుకే అక్కడ చాలామంది ఏజెంట్లు "ఈ స్కూలు మంచిదేనా?" అని అడిగితే సూటిగా చెప్పరు, మీరే చూసుకోండి అంటారు. చూసుకోవడానికి జనం మీ పేజీకే వస్తారు. ఏజెంటు నోటితో చెప్పలేని మాటను మీ అంకె రంగు వేసి మరీ చెప్తుంది. ఇలాంటి విషయంలో మీలో కొందరు ఇదివరకే ఆలోచించారు కూడా. 2021 డిసెంబరులో రెడ్‌ఫిన్ తమ సైట్‌లో పేటలవారీ నేరాల లెక్కలు పెట్టబోమని ప్రకటించింది. రియల్టర్ డాట్ కామ్ తన మ్యాపులోంచి నేరాల వివరాలు తీసేసింది. ఆ లెక్కలు నిజంగా పేట భద్రతను చెప్పలేవని, జనాన్ని పక్షపాతం వైపు నెడతాయని మీకే అనిపించింది. స్కూలు అంకెకు ఆ తర్కం ఎందుకు వర్తించదో నాకు అర్థం కాలేదు.

స్కూలు పరిధి గీతల గురించి కూడా మీ ప్రకటనలు చెప్పకుండా దాటేసేది చాలా ఉంది. ఇంటి కింద స్కూలు పేరు వేస్తే, కొనేవాడు దాన్ని హామీ అనుకుంటాడు. గీతలు గీసే అధికారం మీది కాదు, అమ్మేవాడిదీ కాదు. ఒహాయోలోని షేకర్ హైట్స్ పట్టణంలో 1987లో స్కూళ్ళ పరిధులు మార్చి కొన్ని పేటలకు దగ్గరి బడి లేకుండా చేశారు. ఆ ఇళ్ళ విలువ 9.9 శాతం పడిపోయిందని బోగార్ట్, క్రామ్‌వెల్ లెక్క వేశారు. బీజింగ్‌లో పేరున్న ప్రాథమిక పాఠశాల పరిధిలో పడే ఇరుకు పాత ఫ్లాట్లకు కొత్త ఇళ్ళను మించిన ధర పలికేది. షీచెంగ్ జిల్లా 2020లో నియమం మార్చి, ఆ ఏడాది జులై 31 తర్వాత కొన్న ఇంటికి ఫలానా బడిలోనే సీటు అనే భరోసా ఉండదని, చుట్టుపక్కల చాలా బడుల్లో ఏదో ఒకదానికి కంప్యూటర్ కేటాయిస్తుందని చెప్పింది. ఇంగ్లండ్‌లో బ్రైటన్ పట్టణం 2008 నుంచి, సీట్లకు మించి దరఖాస్తులు వచ్చిన మాధ్యమిక పాఠశాలల్లో ఒకే పరిధిలోని పిల్లలకు లాటరీ పెట్టింది. బడి గేటుకు ఆనుకుని ఇల్లు కొన్నవాళ్ళకు అంతకుముందున్న మొగ్గు పోయింది.

దీనికి తలకిందులుగా జరిగిన సంగతి సియోల్‌ది. 1970లలో అక్కడి ప్రభుత్వం పేరున్న పాత హైస్కూళ్ళను నది దాటించి, అప్పుడే వెలుస్తున్న గంగ్నం ప్రాంతానికి తరలించింది. క్యుంగి హైస్కూలు 1976లో అక్కడికి చేరింది. వాటి వెంట మధ్యతరగతి, వాళ్ళ వెంట ట్యూషన్ సెంటర్లు, అన్నిటి వెంట ధరలు. స్కూళ్ళను చూపించి ఒక నగర భాగాన్నే పెంచొచ్చని తెలిసిన ప్రభుత్వానికి, తర్వాత ఆ ధరలను అదుపు చేయడం దశాబ్దాలుగా తలనొప్పిగానే ఉంది.

మరి సమాచారం మొత్తం దాచేయమంటున్నానా? లేదు. వేల్స్ 2001లో స్కూళ్ళ పట్టికలు ప్రచురించడం మానేసింది. ఇంగ్లండ్ కొనసాగించింది. రెండిటినీ పోల్చిన సైమన్ బర్జెస్, డెబొరా విల్సన్, జాక్ వర్త్, పట్టికలు ఆపేశాక వేల్స్ స్కూళ్ళ పనితనం మొత్తం మీద తగ్గిందని, బాగా దెబ్బ తిన్నవి వెనకబడ్డ స్కూళ్ళేనని తేల్చారు. తల్లిదండ్రులకు తెలిస్తేనే అడుగుతారు, అడిగితేనే స్కూలు కదులుతుంది. చీకట్లో ఉంచడం వల్ల పేదపిల్లలకే ఎక్కువ నష్టం. అందుకే నా గొడవ అంకెలతో కాదు, ఏ అంకెను ముందు పెడుతున్నారన్న దానితో.

మీరు చేయాల్సింది కొంత నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. పదికి ఇంత అనే ఒక్క అంకె స్థానంలో పిల్లల ప్రగతిని ముందు చూపండి, సగటు మార్కులు దాని కింద వేయండి. ఒక్క ఏడాదివి కాకుండా మూడేళ్ళ సగటు ఇవ్వండి, చిన్న స్కూలైతే ఆ మాట రాయండి. లెక్క వేసే పద్ధతి మారిన రోజు, పాత అంకె పక్కనే కొత్త అంకె పెట్టి, మారింది పద్ధతే తప్ప స్కూలు కాదని చెప్పండి. పరిధి గీత ఏ తేదీ నాటిదో, దాన్ని మార్చే అధికారం ఎవరిదో స్కూలు పేరు కిందే ఉండాలి, పేజీ అడుగున చదవలేనంత చిన్న అక్షరాల్లో కాదు. ఆకుపచ్చ, ఎరుపు రంగులు తీసేయండి. బడి పిల్లలకు ఎరుపు అంటించడం నాకైతే చూడటానికే బాధగా ఉంటుంది, ఆ పిల్లలు కూడా ఆ పేజీ చూడగలరు.

అమ్మేవాళ్ళు ఒప్పుకోరని మీరు అంటారేమో. కొందరు ఒప్పుకోరు నిజమే, తొమ్మిది ఉన్న పేటలో ఇల్లున్నవాళ్ళకు ఆ తొమ్మిది ఆస్తిలో భాగం. నాకు అలాంటి ఇల్లుంటే నేనూ గింజుకునేవాణ్ణే. కానీ నాలుగు అని వేసిన పేటలోనూ ఇల్లు అమ్ముకోవాల్సినవాళ్ళుంటారు. వాళ్ళ బడి పిల్లలకు బాగానే నేర్పుతున్నా, ఆ సంగతి కొనేవాడికి చేరే దారి ఈరోజు మీ పేజీలో లేదు. వాళ్ళ ఇంటి ధర తగ్గితే, స్థానిక ఆస్తిపన్నుతో స్కూళ్ళు నడిచే చోట ఆ బడికి వచ్చే డబ్బు కూడా తగ్గుతుంది. ఈ ఏర్పాటు రాజ్యాంగానికి విరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1973లో శాన్ ఆంటోనియో కేసులో 5-4 తేడాతో చెప్పింది కాబట్టి, అక్కడ దీన్ని కోర్టు ఆపుతుందని ఆశ పెట్టుకోలేం.

పైన అడిగిన వాటికి కొత్తగా సేకరించాల్సిన సమాచారం తక్కువే. ప్రగతి లెక్కలు చాలా చోట్ల విద్యాశాఖలే ఇస్తున్నాయి, గీతల తేదీలు స్థానిక అధికారుల దగ్గర ఉంటాయి. వాటికి సమయం పడుతుందంటే అర్థం చేసుకుంటాను. అయితే వెతుకులాట పెట్టెలో 'ఇన్ని మార్కులకు పైనున్న స్కూళ్ళు మాత్రమే' అనే ఫిల్టరు ఒకటుంది. అది నొక్కిన క్షణంలో వేల ఇళ్ళు, వాటి బడులు ఎవరూ చూడకుండానే మాయమైపోతాయి. దాన్ని ముందు తీసేయండి. అందుకు ఏ కొత్త లెక్కా అక్కర్లేదు. మిగతావి ఎప్పటికి చేయగలరో, చేయలేనివాటికి కారణమేమిటో బహిరంగంగానే జవాబు రాయండి.

ఇట్లు,
ఇల్లు వెతుకుతున్న ఒక తండ్రి